కుడిచెవి వైపు

సబీహా ఎప్పుడూ నాకు కుడివైపే కూర్చుంటుంది.
ఇరవై ఆరేళ్ళు గౌలిగూడ ఎక్స్ఛేంజిలో
ట్రంక్ కాల్సు కలిపి కలిపి
ఎడమ చెవిని ఊళ్ళకి పంచేసి వచ్చాను,
కర్నూలుకి కొంత, నాందేడ్‌కి కొంత,
లైన్లో ఏడ్చినవాళ్ళకి ఇంకొంత.

మృగవని కంచె పక్క మైదానంలో పాటల పండుగట.
టికెట్లు ఆమె కోడలు ఫోన్లో కొన్నది.
గేటు దగ్గర చేతికి కాగితం పట్టీ చుట్టారు,
ఆస్పత్రిలో అప్పుడే పుట్టిన బిడ్డకి చుట్టినట్టు.
చాప, ఫ్లాస్కు, దోమల మందు,
చిలుకూరు రోడ్డు మీద బేరమాడి కొన్న
అరతట్ట సీతాఫలాలు.
కళ్ళు విచ్చిన కాయలే ఏరింది సబీహా.
"రేపటికి ఆగవివి" అన్నాను.
"మనం మాత్రం? తిను" అంది.

ఆశ్వయుజం చివరి ఎండ
గునుగు పూల తలల మీద నిలబడి
వెళ్ళాలా వద్దా అని చాలాసేపు నసిగింది.
వాన ఖాళీ చేసి పోయింది,
చలికింకా గది దొరకలేదు, ఊరి బయటే తిరుగుతోంది.

మొదట కుర్రాళ్ళు. నాలుగు గిటార్లు, ఒక డప్పు.
ఆ డప్పు చెవిలోంచి రాలేదు నాకు,
నేలలోంచి, చాపలోంచి
మోకాలి చిప్పల్లోకి ఎక్కింది.
చచ్చిన చెవికున్న కమ్మ కూడా ఊగింది, ఒట్టు.
పక్కన ఊదారంగు జుట్టు పిల్ల
చెప్పుల్లేకుండా ఎగిరి ఎగిరి
పల్లేరుకాయ గుచ్చుకుంటే నేనే తీశాను.
ఆంటీ అనలేదు. "థాంక్యూ బాస్" అంది.

పదయింది.
కంచె అవతల గార్డు టార్చి రెండుసార్లు వెలిగించాడు.
చట్టం ప్రకారం దుప్పులు నిద్రపోవాలి.
స్పీకర్లన్నీ ఒక్కసారే నోరు మూశాయి.
నేల నా మోకాళ్ళని వదిలేసింది.

అప్పటికి సారంగి ముసలాయన వంతు.
పురానాపూల్ నుంచి ఆటోలో వచ్చాడట
వాద్యాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని.
మైకు వైపు చూశాడు, మా వైపు చూశాడు.
దగ్గరికి రమ్మంటున్నాడని సబీహా చెప్పింది.
వెయ్యిమంది చాపలెత్తుకుని కదిలారు,
పెళ్ళిలో విస్తళ్ళు వేశారని తెలిసినట్టు.
మేం మోకాళ్ళు పట్టుకుని లేచేసరికి
ముందంతా నిండిపోయింది.

కమాను కదులుతోంది.
గోళ్ళ మొదళ్ళతో తీగల్ని రాస్తున్నాడు.
అబద్ధమెందుకు, నాకేమీ వినపడలేదు.
కుడిచెవి రిక్కిస్తే సన్నగా ఏదో,
కీచురాయి కూడా కావచ్చు.
ఊదాజుట్టు పిల్ల కళ్ళు తుడుచుకుంది.
బోర్డు ముందు ప్లగ్గు పట్టుకుని
కూర్చున్న రోజులే మళ్ళీ:
అటొకరు ఇటొకరు మాట్లాడుకుంటారు,
మధ్యన తీగని నేను.

సబీహా నా చెయ్యి లాక్కుంది.
అరచేతిలో చూపుడువేలితో
మెల్లగా గీయడం మొదలుపెట్టింది.
పొడుగ్గా ఒక గీత, మణికట్టు దాకా,
అక్కడ వణికింది,
వెనక్కొచ్చి బొటనవేలి కింద ఆగింది,
మళ్ళీ బయల్దేరింది, ఈసారి ఇంకో దారిన.
సీతాఫలం జిగురు ఆమె వేలికీ నా చేతికీ.
మధ్యలో ఒకసారి ఆపేసింది.
పాట ఆగిందో, తనే మరిచిందో
అడగలేదు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర
ప్లాస్టిక్ కుర్చీలో ఆ గార్డు, బిళ్ళ మీద జంగయ్య అని.
"ఏం వాయించిండమ్మా ఆఖర్ల?
గంత దూరం నాకు వినరాలె."
చెప్పబోయి,
"నాక్కూడా వినరాలె" అన్నాను.
ముగ్గురం కంచె వైపు చూశాం.
చీకట్లో దుప్పి ఒకటి అరిచింది, గట్టిగానే.
"అదొక్కటి రోజూ ఉంటది" అన్నాడు.
మిగిలిన రెండు కాయలు అతనికిచ్చాం.

లంగర్‌హౌజ్ దాటాక గుర్తొచ్చింది,
ఫ్లాస్కు అక్కడే మరిచాం.
చెబుదామంటే సబీహా నిద్రపోతోంది
నా కుడి భుజం మీద, నోరు కొంచెం తెరిచి.
ఎడమవైపు నగరం ఏదో అంటూనే ఉంది.